గంటకు 14: నా 21 రోజుల డెలివరీ ఉద్యోగం

2025 అక్టోబర్ 10, శుక్రవారం రాత్రి 8 గంటల 40 నిమిషాలకు, చర్లపల్లిలోని ఒక పార్సెళ్ల హబ్‌లో, మిగిలిపోయిన 9 పార్సెళ్లను తిరిగి స్కాన్ చేయించి, నగదు లెక్క అప్పగించి, టాటా ఏస్ సరుకు బండి తాళాలు బల్ల మీద పెట్టిన తరువాత, "అంకుల్, రేపటి నుంచి రాకండి" అని మా టీమ్ లీడర్ నాతో అన్నాడు. దసరా, దీపావళి సీజన్ కోసం అక్టోబర్ 31 వరకు అని చెప్పి తీసుకున్న తాత్కాలిక ఉద్యోగం అది. పని నిదానంగా చేస్తున్నానన్నది వాళ్లు చెప్పిన కారణం. నేను నిదానంగా చేసిన మాట అబద్ధం కాదు. అయితే ఆ నిదానాన్ని ఏ కొలతతో కొలుస్తారో, ఆ కొలతలో ఏమేమి కలుస్తాయో చేరేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. నాలాగే ఈ పనిలోకి వెళ్లాలనుకునే వారి కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా వయసు 46 సంవత్సరాలు. 19 ఏళ్ల పాటు ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెప్పాను. 2025 జూన్‌లో ఆ బడి మూతపడింది. వేరే బడులలో ప్రయత్నించాను కానీ, విద్యా సంవత్సరం మొదలైపోయాక తెలుగు మాస్టారు ఎవరికి కావాలి? చేతిలో కారు నడిపే లైసెన్సు ఉంది, బడి వ్యాను డ్రైవరు రాని రోజుల్లో పిల్లలను దింపి వచ్చిన అనుభవం ఉంది. సెప్టెంబర్ 9న మా వీధిలో టిఫిన్ బండి పెట్టుకున్న అతని తమ్ముడి ద్వారా మౌలాలిలోని ఏజెన్సీకి వెళ్లాను. పార్సెళ్లు ఒక సంస్థవి, హబ్ ఆ సంస్థదే, కానీ మనకు జీతం ఇచ్చేది ఏజెన్సీ. ఈ తేడా విలువ ఎంతో చివరలో తెలిసి వచ్చింది.

ఆధార్, పాన్, లైసెన్సు, బ్యాంకు పాసు పుస్తకం జిరాక్సులు, రెండు ఫొటోలు తీసుకున్నారు. రెండు టీషర్టులు, ఒక సంచి, గుర్తింపు కార్డు కోసం 1,200 రూపాయలు డిపాజిట్ కట్టించుకున్నారు. రసీదు వాళ్లంతట వాళ్లు ఇవ్వలేదు. నేను అడిగితే కాస్త విసుగ్గానే సగం కాగితం మీద రాసి ముద్ర వేశారు. నాది సొంత కారు నడిపే తేలికపాటి వాహనాల ఎల్‌ఎంవీ లైసెన్సు కనుక, పసుపు నంబరు ప్లేటు బండికి రవాణా డ్రైవర్లకు ఇచ్చే బ్యాడ్జి కూడా కావాలేమోనని అడిగాను. 7,500 కిలోల లోపు రవాణా బండ్లను ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 6న తేల్చేసిందని చెప్పారు. ఇంటికి వచ్చి పాత వార్తలు వెతికి చూసుకుంటే నిజమే. జీతం నెలకు 19,500, అంటే 26 రోజుల లెక్కన రోజుకు 750 రూపాయలు. సీజన్ చివరి రోజు వరకు ఉన్నవారికి మరో 1,500 బోనస్.

వెరిఫికేషన్‌కు మూడు రోజులు పడుతుందన్నారు, ఎనిమిది రోజులు పట్టింది. సెప్టెంబర్ 17 సాయంత్రం, వాన దంచి కొడుతున్న వేళ, రేపు ఉదయం 7 గంటలకు రమ్మని మెసేజ్ వచ్చింది. 18, 19 తేదీల్లో శిక్షణ పేరుతో ఇంకొక డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఆ రెండు రోజులకూ రోజుకు 400 మాత్రమే ఇస్తారని రెండో రోజు సాయంత్రం చెప్పారు. ఆ డ్రైవరు మితభాషి. యాప్‌లో ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో చూపించాడు తప్ప, బండిలో సరుకు ఎలా సర్దుకోవాలో చెప్పలేదు. నిజానికి ఈ ఉద్యోగంలో నేర్చుకోవలసింది అదొక్కటే. ఆ విషయం నాకు తెలిసేసరికి పుణ్యకాలం గడిచిపోయింది.

సెప్టెంబర్ 20, శనివారం, ఒంటరిగా నా మొదటి రోజు. దమ్మాయిగూడ, నాగారం, రాంపల్లి నా దారి. కొత్తవారికని తక్కువగా 55 పార్సెళ్లు ఇచ్చారు. రాత్రి 7 గంటలకు తిరిగి వచ్చేసరికి 31 ఇవ్వగలిగాను. ఆ ప్రాంతం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. అక్కడ చాలా కాలనీలకు ఇంటి నంబర్ల వరుస ఉండదు. ప్లాటు నంబరు, సర్వే నంబరు, ఫేజ్ నంబరు, 'హనుమాన్ గుడి వెనక వీధి' అని ఉంటుంది, ఆ చుట్టుపక్కల హనుమాన్ గుడులేమో మూడు. మ్యాప్ మనలను ఇంటి వెనక గోడ దగ్గరకు తీసుకువెళ్లి 'గమ్యం చేరుకున్నారు' అంటుంది. ద్విచక్ర వాహనం అయితే చటుక్కున తిప్పుకోవచ్చు, ఏస్ బండిని ఆ సందులో తిప్పలేము. మలుపు వరకు వెనక్కి నడిపించుకుంటూ రావలసిందే. ఆ రోజు ఒక సందులోంచి వెనక్కి రావడానికే పదకొండు నిమిషాలు పట్టింది. ఇంటికి వెళ్లాక మోకాళ్లు వంగలేదు. గ్రౌండ్ మీద మూడంతస్తులు, దాని పైన పెంట్‌హౌస్, లిఫ్టు ఉండదు. పార్సెల్ ఎప్పుడూ పెంట్‌హౌస్‌కే వస్తుందని ఆ రాత్రి మా ఆవిడతో అంటే, నవ్వి, వేడి నీళ్లు పెట్టింది.

22న జీఎస్టీ రేట్లు తగ్గాయి, అదే సమయానికి ఆన్‌లైన్ సేల్ మొదలయింది. నా లోడ్ 55 నుంచి ఒక్కసారిగా 90కి వెళ్లింది. వాటిలో మొబైల్ ఫోన్లు చాలా ఉండేవి. ఖరీదైన ఫోన్‌ను 'ఓపెన్ బాక్స్' పద్ధతిలో ఇవ్వాలి. అంటే కొన్నవారి ఎదుటే పెట్టె తెరిచి, ఫోన్ సరిగ్గా ఉందని వాళ్లు చూసుకున్నాక, ఫొటో తీసి, ఓటీపీ అడిగి, అది యాప్‌లో ఎక్కేవరకు ఆగాలి. సిగ్నల్ బాగుంటే ఆరేడు నిమిషాలు, లేకపోతే పది. సబ్బుల పొట్లం గుమ్మంలో ఇచ్చి రావడానికి నిమిషం చాలు. లెక్కలో మాత్రం ఫోనూ ఒకటే, సబ్బులూ ఒకటే. పెద్ద అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల యాప్‌లో మన పేరు, ఫొటో ఎక్కి, ఫ్లాటు వాళ్లు అనుమతి నొక్కేవరకు నిలబడాలి. లోపలికి వెళ్లాక మామూలు లిఫ్టు ఎక్కనివ్వరు. సామాన్ల లిఫ్టు కోసం చెత్త బండి దిగేవరకు ఆగిన రోజులున్నాయి.

ఇంతకీ గంటకు ఎన్ని అనే లెక్క ఎక్కడ మొదలవుతుందంటే, హబ్‌లో చివరి పార్సెల్ స్కాన్ చేసి 'బయలుదేరాను' అని నొక్కిన క్షణం నుంచి. సీఎన్‌జీ బంకు వరుసలో నిలబడ్డ నలభై నిమిషాలు అందులోనే. భోజనం అందులోనే. మూత్రానికి పెట్రోలు బంకు వెతుక్కున్న సమయమూ అందులోనే. మొదట్లో నేను 'బయలుదేరాను' నొక్కి, ఆ తరువాత తీరిగ్గా గ్యాస్ కొట్టించుకోవడానికి వెళ్లేవాణ్ని. అనుభవం ఉన్నవాళ్లు రాత్రి తిరిగి వచ్చేటప్పుడే గ్యాస్ నింపుకుంటారని పదిహేనో రోజున తెలిసింది. ఆ గ్యాస్ డబ్బు కూడా ముందు మన జేబులోంచే పెట్టాలి, బిల్లు ఇస్తే తరువాత ఇస్తారు. వానలో తడిసి అక్షరాలు పోయిన రెండు బిల్లులను వాళ్లు ఒప్పుకోలేదు. 720 రూపాయలు అలా పోయాయి.

సెప్టెంబర్ 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. 27 ఉదయం హబ్‌కు లారీలు ఆలస్యంగా చేరాయి, మేము కదిలేసరికి పదకొండున్నర. లోడ్ మాత్రం తగ్గించలేదు. 30న సద్దుల బతుకమ్మ. సాయంత్రం ఐదు దాటాక నాగారంలో ప్రతి కాలనీ కూడలిలో బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. నడి వీధిలో పట్టు చీరలు, పాటలు, పిల్లలు. ఆ మధ్యకు హారన్ కొట్టుకుంటూ బండి తోలే మనస్తత్వం నాకు లేదు, ఉండకూడదని కూడా అనుకుంటాను. 23 పార్సెళ్లు తిరిగి తెచ్చాను. ఇవ్వలేకపోయిన ప్రతిదానికీ యాప్‌లో ఒక కారణం ఎంచుకోవాలి: కస్టమర్ అందుబాటులో లేరు, చిరునామా తప్పు, తీసుకోవడానికి నిరాకరించారు, మరో రోజు రమ్మన్నారు. బతుకమ్మ ఆడుతున్నారు అన్న కారణం అందులో లేదు. 'మరో రోజు రమ్మన్నారు' అని పెట్టాను. ఇరవై మూడు మందీ ఒకే గంటలో మరో రోజు రమ్మన్నారా అని మర్నాడు టీమ్ లీడర్ అడిగాడు.

దసరా నాడు సెలవు ఇచ్చారు, వారాంతపు సెలవు దానికే సర్దుబాటు. అక్టోబర్ 4, శనివారం ఉదయం మొదటి హెచ్చరిక వచ్చింది. అది హెచ్చరిక అని నాకు వెంటనే తెలియలేదు. రోజూ వాట్సాప్ గ్రూపులో ఒక పట్టిక ఫొటో పెడతారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో పేర్లు, గంటకు ఎన్ని ఇచ్చారో ఎదురుగా అంకె. నాది మొదటి నుంచీ ఎరుపులోనే ఉంది. కొత్తవాళ్లందరికీ అలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఆ రోజు టీమ్ లీడర్ నన్ను పక్కకు పిలిచి, "అంకుల్, హబ్ యావరేజ్ 14. మీది 6 దాటలే. ఈ వారం పెంచుకోవాలె" అన్నాడు. అతనికి 25 ఏళ్లు ఉంటాయి. మర్యాదగానే చెప్పాడు. అయినా, పదో తరగతి పిల్లవాడి చేతికి జవాబు పత్రం తిరిగి ఇస్తూ నేను వాడిన గొంతే అది. బండిలో కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేదు. ఆ కూర్చున్న సమయం కూడా లెక్కలోకే వెళ్లి ఉంటుంది.

ఆ పట్టికను నేను అప్పుడు జాగ్రత్తగా చదివాను. రెండు విషయాలు కనిపించాయి. ఒకటి, అందులో బైకు మీద ఇచ్చేవారు, వ్యాన్ల వాళ్లు కలిసి ఉన్నారు. బైకు కుర్రాళ్లు నలభై పొట్లాలు వేసుకుని, ఒకే రెండు కాలనీల్లో తిరిగి, మధ్యాహ్నం వచ్చి మళ్లీ నలభై తీసుకువెళతారు; వాళ్ల వేగంతో ఏస్ బండిని పోల్చడం సరికాదు. ఇది అడిగాను. "పైన అట్లనే చూస్తరు" అన్నాడు. రెండోది అడగలేదు, ఎందుకంటే అప్పుడు దాని భారం నాకు అర్థం కాలేదు: ఆ అంకె మొదటి రోజు నుంచి సగటు. సెప్టెంబర్ 20న దారి తెలియక ఇచ్చిన 31 కూడా, అక్టోబర్‌లో దారి తెలిసిన తరువాత ఇచ్చిన వాటిని వెనక్కి లాగుతూనే ఉంటుంది. పందొమ్మిదేళ్లు యూనిట్ పరీక్షల సగటులు వేసిన మనిషిని, నాకే ఇది తట్టకపోవడం వింత.

6వ తేదీన, హబ్‌లో ఎప్పుడూ ఆకుపచ్చలో ఉండే ఒక వ్యాన్ కుర్రాణ్ని బతిమాలి, అతను సరుకు ఎక్కించుకుంటుంటే పక్కన నిలబడి చూశాను. యాప్ చూపిన వరుస అతను పట్టించుకోడు. పార్సెళ్లన్నీ నేల మీద పరిచి, కాలనీల వారీగా విడదీసి, చివర ఇవ్వవలసినవి ముందు ఎక్కించి, ప్రతి పెట్టె మీద ప్లాటు నంబరు, ఫోన్ చివరి నాలుగంకెలు మార్కరుతో పెద్దగా రాస్తాడు. ఇరవై నిమిషాలు దానికే పోతాయి, కానీ 'బయలుదేరాను' నొక్కక ముందే. ఒక గుమ్మంలో ఉండగానే తరువాతి ఇంటికి ఫోన్ చేసి, నగదు అయితే చిల్లర సిద్ధంగా పెట్టుకోమని చెబుతాడు. నేను అంతవరకు ప్రతి ఇంటి ముందు బండి ఆపి, వెనక తలుపు తెరిచి, చిన్న అక్షరాల లేబుళ్లు కళ్లజోడు పెట్టుకుని చదువుకుంటూ, ఒక్కొక్కటీ వెతుక్కునేవాణ్ని. ఇంటికి మూడు నిమిషాలు వెతుకులాటే. 90 ఇళ్లకు ఎంతయిందో మీరే లెక్క వేసుకోండి.

అతను ఇంకొకటి కూడా చెప్పాడు. సాయంత్రం ఆలస్యమైతే, దూరంగా ఉన్న నాలుగైదు ఇళ్లకు వెళ్లకుండానే ఒక్క రింగు ఇచ్చి కట్ చేసి, 'కస్టమర్ అందుబాటులో లేరు' అని పెట్టేస్తే గంట మిగులుతుందట. ఆ పని నేను చేయలేదు. చేయలేదని గొప్పగా చెప్పుకోవడం కాదు. 7వ తేదీ రాత్రి ఏడున్నరకు, రాంపల్లి చివర ఒక ఇంటికి ఫోన్ చేయబోతూ, వేలు ఆ బటన్ మీద కాసేపు ఆడింది.

8వ తేదీ, బుధవారం. మార్కరు కొన్నాను, గ్యాస్ ముందు రాత్రే నింపాను, 110లో 96 ఇచ్చాను. పట్టికలో నా పేరు మొదటిసారి పసుపులో కనిపించింది. ఆ ఫొటోను మా అబ్బాయికి చూపించాను. 9న 92. 10న 104 ఇచ్చారు, 95 ఇచ్చి వచ్చాను. ఈ అంకెలు జేబులో పెట్టుకుని, మనసులో ఒకింత ధీమాతో తాళాలు బల్ల మీద పెట్టాను కనుకనే ఆ రాత్రి మాట అంత గట్టిగా తగిలింది.

"మూడు రోజులుగా బాగానే ఇస్తున్నాను కదా బాబూ" అన్నాను. "నేనేం చెయ్యాలె అంకుల్, లిస్టు పైకెళ్లి వచ్చింది. ఆరుగురు పేర్లున్నయి. యావరేజ్ చూసి తీసిన్రు" అని ఫోన్‌లో చూపించాడు. నా పేరు ఎదురుగా 6.8 అని ఉంది. తొలగింపు కాగితం ఏదైనా ఇస్తారా అని అడిగాను. ఏజెన్సీని అడగమన్నాడు. నేను ఏడవలేదు, వాదించలేదు. మంచినీళ్ల సీసా బండిలో మరచిపోయాను, తెచ్చుకుంటానని తాళం అడిగితే, ఇక నాకు తాళం ఇవ్వకూడదని చెప్పి అతనే వెళ్లి తెచ్చాడు. ఇంత జరిగినా నాకు ఎక్కువగా గుర్తున్నది ఆ సీసా కోసం గేటు పక్కన నిలబడ్డ రెండు నిమిషాలే. తెల్లవారి యాప్ తెరిస్తే ఐడీ పని చేయడం లేదని వచ్చింది. అంతకు ముందే, ఉదయం 5 గంటలకే అలవాటుగా మెలకువ వచ్చింది.

ఇక డబ్బు సంగతి. 11న నగదు లెక్కలో 500 తక్కువ ఉందని ఫోన్ వచ్చింది. రోజూ రాత్రి సంతకం పెట్టించుకుని నోట్లు ఇచ్చాను గానీ, ఆ సంతకాల పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది. నేను ఒక్క రోజూ ఫొటో తీసుకోలేదు. ఆ 500 కడితేనే బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ చీటీ అన్నారు, కట్టాను. మీరు వెళ్లేట్టయితే ఆ పేజీని ప్రతి రాత్రీ ఫొటో తీసుకోండి. 13న టీషర్టులు, సంచి, కార్డు మౌలాలిలో అప్పగించాను. సంచి జిప్ పోయిందని 300 కోసి 900 ఇచ్చారు. ఆ సగం కాగితం రసీదు లేకపోతే అదీ వచ్చేది కాదు. డిపాజిట్ ఎప్పుడు కట్టారని మొదట అడిగింది వాళ్లే.

సెప్టెంబర్ జీతం అప్పటికే పడింది. శిక్షణతో కలిపి 8,300, పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 7,241. అక్టోబర్‌లో పని చేసిన 9 రోజులకు రావలసింది 6,750. తొలగించిన మనిషికి రెండు పని దినాల లోపు జీతం చెల్లించాలని అప్పటికి అమలులో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉందని, ఆటో యూనియన్‌లో తిరిగే మా బావమరిది చెప్పాడు. ఆ మాట ఏజెన్సీలో అంటే, హబ్ వాళ్లు బిల్లు ఇస్తేనే మేము ఇస్తామన్నారు. హబ్‌లో అడిగితే మీకు జీతం ఇచ్చేది మేము కాదన్నారు. దీపావళి ఈ ఇద్దరి మధ్య తిరుగుతుండగానే గడిచింది. 22న ఒకసారి, నవంబర్ 3న ఒకసారి వెళ్లాను. 6న ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లోని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి అడిగితే, హాజరు వివరాలతో రాతపూర్వకంగా దరఖాస్తు ఇమ్మన్నారు. వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేసినా, పాత పట్టికల ఫొటోలు ఫోన్‌లో మిగిలే ఉన్నాయి; ఏ రోజు పని చేశానో చూపడానికి ఆ ఎర్ర రంగు వరుసలే సాక్ష్యంగా పనికి వచ్చాయి. దరఖాస్తు రాసుకున్నానని ఏజెన్సీకి ఫోన్‌లో చెప్పాను. నవంబర్ 12న 5,889 రూపాయలు పడ్డాయి. సీజన్ చివరి వరకు లేను కనుక బోనస్ లేదు.

మొత్తం 13,130 చేతికి వచ్చింది. పవర్ బ్యాంకు 900, రెయిన్ కోటు 650, డేటా రీచార్జి 349, రోజుకు 80 చొప్పున 21 రోజుల భోజనం 1,680, ఇంటి నుంచి హబ్‌కు బండి పెట్రోలు సుమారు 1,200, పోయిన బిల్లులు 720, నగదు లెక్కలో కట్టిన 500, సంచి జిప్ 300. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 6,831 రూపాయలు. రెయిన్ కోటు, పవర్ బ్యాంకు ఇంట్లోనే ఉన్నాయి కదా, వాటిని ఖర్చులో ఎందుకు రాశారని మా ఆవిడ వాదన. అదీ నిజమే.

అనుభవ పత్రం కావాలని డబ్బు పడిన రెండు రోజులకు అడిగాను. వారం తరువాత వాట్సాప్‌లో పంపారు. పేరులో అక్షరం తప్పు పోయింది, అది దిద్దించాను. లోపల, సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 10 వరకు డెలివరీ డ్రైవరుగా పని చేశారని, 'కాంట్రాక్టు గడువు ముగిసినందున' విధుల నుంచి విడుదల చేశామని రాసి ఉంది. గడువు 31 కదా, పదో తేదీన ఎలా ముగిసింది అని అడుగుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ పెట్టేశాను. ఆ వాక్యాన్ని మాత్రం దిద్దమని అడగలేదు. రెండు ప్రతులు ప్రింటు తీయించి, బడి వాళ్లు ఇచ్చిన పత్రం ఉన్న కవరులోనే దాన్నీ పెట్టాను.